రబ్బరు బూటు – దాని చరిత్ర, దాని ఆయువు

గోదావరి డెల్టా చరిత్రను నీటి చరిత్రగా చెప్పుట మనకు పరిపాటి. ఆనకట్టను గూర్చియు, కాలువలను గూర్చియు, వరదలను గూర్చియు వ్రాసినవారు పెక్కుమంది కలరు. ఆ నీటిలోను, ఆ నీరు మిగిల్చిన బురదలోను దినమంతయు నిలిచిన మానవ పాదమును గూర్చి చెప్పినవారు అరుదు. ఆ పాదమును కాపాడగల ఒక సామాన్య వస్తువు చరిత్రను నేడు శ్రోతలకు మనవి చేయుదును. అది రబ్బరు బూటు. పనివారు దానిని గంబూటు అందురు. అది ఎచ్చట పుట్టినది, మన సీమలో ఎవరి కాలికి వచ్చినది, వచ్చిన పిదప ఏల అకాలముగా పాడగుచున్నది అనునవి మూడు ప్రశ్నలు. రబ్బరు స్వభావమును ఎరిగినచో మూడింటికిని సమాధానము దొరకును.

మొదట మన నేలను చూతము. ధవళేశ్వరము కడ గోదావరి గౌతమి, వశిష్ఠ అను పాయలుగా చీలి, వాని నడుమ కోనసీమను ఏర్పరచినది. ఆత్రేయపురము ఆ సీమకు శిరోభాగమున ఉన్నది. ఆర్థర్ కాటన్ 1847లో ఆరంభించిన ఆనకట్ట 1852లో పూర్తియైనది. బొబ్బర్లంక వద్ద బయలుదేరిన మధ్యడెల్టా ప్రధాన కాలువ ఆత్రేయపురము చేరువనున్న లొల్ల లాకుల వద్ద శాఖలుగా విడిపోయి లోపలి గ్రామములకు నీటిని కొనిపోవును. కాలువ రాకతో మెట్ట మాగాణి యయ్యెను. సార్వాకు తోడు దాళ్వా వచ్చెను. పంట పెరిగినది, దానితోపాటు మనిషి బురదలో నిలువవలసిన దినములును పెరిగినవి. దమ్ము చేయువారు, నారు తీయువారు, ఊడ్పు ఊడ్చు స్త్రీలు, వేసవిలో కాలువలు కట్టివేసినపుడు పూడిక తీయు కూలీలు, రాత్రివేళ గట్లవెంట తిరిగి నీటిని కనిపెట్టు లస్కర్లు, వీరందరును ఈ సీమ ఐశ్వర్యమును తమ వట్టి పాదములపై మోసినవారు.

పాదరక్షలు మనకు తెలియనివి కావు. పావుకోళ్ళు ఇంటిలోనివారికిని, యతులకును ఉండెను. నడకకు తోలుచెప్పులు ఉండెను. మాదిగ వృత్తికారులు తంగేడు పట్టతోను, కరక్కాయతోను తోలును ఊనబెట్టి, దారముతో గట్టిగా కుట్టి, కిర్రుమని పలుకు చెప్పులను తయారుచేసెడివారు. మెట్ట ప్రాంతములలో బావినుండి నీరు తోడు మోట తోలును వారి చేతిపనియే. ఈ శాస్త్రమును ఏ కళాశాలయు నేర్పలేదు, అనుభవమే నేర్పినది. తోలు ఒకప్పుడు జీవించిన చర్మము. నూనె తగ్గినచో అది బిరుసెక్కి పగులును. కనుక చెప్పునకు ఆముదము పట్టించి మెత్తబరచుట ఇంటింట తెలిసిన సంగతి. నీటిలో నానిన చెప్పు కుట్లు విడి చెడిపోవును. కనుక కాలువ దాటునపుడు చెప్పులు చేతబట్టుకొనుటయు అంతే పరిపాటి. నూనె మిత్రము, నీరు శత్రువు అనునది తోలునకు చెందిన రెండు మాటల ధర్మశాస్త్రము.

ఇచట ఒక సంగతిని దాచరాదు. చెప్పులుండియు తొడుగుకొను హక్కు లేనివారు మన దేశమున ఉండిరి. కొన్ని వీథులలో, కొందరి ఎదుట, దళితులు చెప్పులు తొడిగి నడువరాదను కట్టుబాటు పలుతావుల నడచినది. చెప్పును కుట్టిన చేతులే ఆ చెప్పును పట్టుకొని వట్టికాళ్ళతో నడువవలసివచ్చెను. కనుక పాదరక్ష చరిత్రలో వస్తువు ఎంత ముఖ్యమో, అది ఎవరి పాదమునకు దక్కినది అను ప్రశ్నయు అంత ముఖ్యము.

తోలు చేయలేని పనిని చేయుటకు వచ్చినది రబ్బరు. దక్షిణ అమెరికాలో అమెజాన్ అరణ్యవాసులు చెట్టు బెరడును గాటుపెట్టి, కారిన పాలను పొగపై గట్టిపరచి, నీరు చొరని జోళ్ళు చేయుట ఎరుగుదురు. 1820 తరువాత అట్టి జోళ్ళు బ్రెజిలునుండి అమెరికాలోని బోస్టను నగరమునకు దిగుమతి యయ్యెను. జనులు మొదట మిక్కిలి మెచ్చిరి. కాని వేసవిలో అవి జిగటగా కరగసాగెను. శీతకాలమున కర్రవలె బిగిసెను. పచ్చి రబ్బరు గుణమే అది.

దీనికి విరుగుడు కనుగొన్నవాడు చార్లెస్ గుడ్‌ఇయర్. 1839లో గంధకము కలిపిన రబ్బరు వేడి తగిలి, కరుగుటకు మారుగా స్థిరపడుట ఆయన గమనించెను. 1844లో అమెరికాలో దానికి పేటెంటు పొందెను. ఇంగ్లండులో థామస్ హాన్‌కాక్ అదే కాలమున అట్టి పద్ధతికే పేటెంటు పొందెను. దీనిని వల్కనీకరణ మందురు. దాని అర్థము చేపల వలను తలచుకొన్నచో సులభముగా బోధపడును. పచ్చి రబ్బరు, ముడులు వేయని పొడవైన దారముల కుప్ప వంటిది. లాగిన కొలది దారములు ఒకదానిపై నొకటి జారును. గంధకము ఆ దారముల నడుమ ముడులు వేయును. అప్పుడది వల యగును. లాగినను మరల తన రూపునకు వచ్చును. ఈ ముడులను మనస్సున ఉంచుకొనవలెనని మనవి. బూటు ఆయువంతయు వానిపైననే ఆధారపడియున్నది.

1853లో హైరమ్ హచిన్‌సన్ అను అమెరికావాసి ఫ్రాన్సులో రబ్బరు బూట్ల కర్మాగారము స్థాపించెను. అదివరకు కొయ్యజోళ్ళతో పొలమునకు పోవుచుండిన ఫ్రెంచి రైతులు తడియని కాళ్ళతో ఇల్లు చేరసాగిరి. 1856లో హెన్రీ లీ నారిస్ అను మరియొక అమెరికావాసి స్కాట్లండులోని ఎడింబరో నగరమున నార్త్ బ్రిటిష్ రబ్బరు కంపెనీని నెలకొల్పెను. ఇంగ్లీషువారు ఈ బూటును వెల్లింగ్టన్ పేర పిలుతురు. మన దక్కనులో 1803లో అస్సయే యుద్ధము గెలిచిన సేనానియే ఆ వెల్లింగ్టన్. ఆయన ధరించినది మాత్రము తోలుబూటే. రబ్బరు వచ్చిన పిదప పేరు దీనికి సంక్రమించెను. మొదటి ప్రపంచయుద్ధమున కందకములలోని చలినీటిలో నిలిచి సైనికుల పాదములు కుళ్ళిపోవుచుండగా, ఎడింబరో కర్మాగారము సుమారు 12 లక్షల జతలను సైన్యమునకు చేసియిచ్చెనని ప్రసిద్ధి. నీటిలో నిలిచిన పాదము ఒక వ్యాధిస్థానమని ప్రభుత్వములు గుర్తించినది ఆ యుద్ధముననే. మన ఊడ్పు కూలీల పాదములు అంతకు ముందునుండియు నీటిలోనే ఉండెను. కాని వానికొరకు ఏ సైన్యమును ఆర్డరు పెట్టలేదు.

ఈ రబ్బరు వెనుక రక్తచరిత్ర కలదు. 1885 నుండి 1908 వరకు బెల్జియము రాజు రెండవ లియోపోల్డు సొంత ఏలుబడిలో నుండిన కాంగో దేశమున, నిర్ణయించిన రబ్బరు తేనివారిని చంపించిరి, చేతులు నరికించిరి. 1876లో హెన్రీ విక్‌హామ్ బ్రెజిలునుండి సుమారు 70 వేల విత్తనములను లండనునగరపు క్యూ ఉద్యానమునకు చేర్చగా, వానినుండి మొలచిన మొక్కలు సింహళమునకును, మలయాకును వచ్చెను. మన దేశమున వ్యాపారపు తోట 1902లో కేరళలోని పెరియార్ నదీతీరమున తట్టేకాడు వద్ద మొదలయ్యెను. 1931లో బాటా కంపెనీ కలకత్తా సమీపమున పనికి పూనుకొని, తరువాత హుగ్లీ తీరమున బాటానగరమును నిర్మించెను. ఆ కాలమునుండి రబ్బరు, కాన్వాసు జోళ్ళు భారతీయ సామాన్యునకు అందుబాటులోనికి వచ్చెను.

మరి గోదావరి సీమలో రబ్బరు బూటు ఏ పనికి వచ్చినది? ఊడ్పు పొలమునకు రాలేదు. దమ్ము చేసిన మడిలో అది పిక్కవరకు కూరుకొనును. పాదమును లాగినచో బూటు బురదలోనే మిగులును. కనుక ఊడ్చు స్త్రీ నేటికిని వట్టికాళ్ళతోనే మడిలో దిగును. గంబూటునకు చోటు దొరకినది ఇతర పనులలో: మురుగుకాలువలు తీయు పారిశుద్ధ్య కార్మికుల యొద్ద, పురుగుమందు చల్లువారి యొద్ద, 1990 ప్రాంతమునుండి డెల్టాలో విస్తరించిన రొయ్యల చెరువుల యొద్ద, ఆ రొయ్యలను శుభ్రపరచి మంచులో పెట్టు షెడ్ల యొద్ద. రాత్రి గట్టుపై నడుచువారికిని అది తగినదే.

ఆరోగ్యరీత్యా దాని విలువ రెండు విధములు. కొంకిపురుగు పిల్లలు తేమనేలలో ఉండి పాదచర్మమును తొలుచుకొని దేహమున ప్రవేశించు నని 1898లో ఆర్థర్ లూస్ ఈజిప్టులో ప్రకటించెను. తన చేతిపై ఒలికిన నీటినుండియే ఆయనకు ఆ జాడ తెలిసినది. 1920 తరువాత మద్రాసు రాజధానిలో రాక్‌ఫెల్లర్ సంస్థ తోడ్పాటుతో ఈ వ్యాధిపై ప్రచారము సాగెను. మరుగుదొడ్డి మొదటి కట్ట, పాదరక్ష రెండవ కట్ట అని వైద్యులు చెప్పుదురు.

రెండవది పాముకాటు. పద్దెనిమిదవ శతాబ్ది చివర విశాఖపట్టణమున నివసించిన పాట్రిక్ రసెల్ అను వైద్యుడు మన తీరమునందలి పాములను పరిశీలించి, 1796లో గ్రంథము ప్రకటించెను. అందు ఆయన వ్రాసికొన్న ‘కాటుకరేకుల పొడ’ అను తెలుగుపేరు గల పామును లోకము నేడు రసెల్ పొడపాము అనుచున్నది. మన జనులు రక్తపింజరి అని భయపడునది అదియే. 2020లో ప్రకటితమైన ఒక పరిశోధన, 2000 నుండి 2019 వరకు మన దేశమున సుమారు 12 లక్షలమంది, అనగా సగటున ఏటా 58 వేలమంది, పాముకాటుచే మరణించిరని అంచనా వేసినది. అందు సుమారు సగము జూన్, సెప్టెంబరు మాసముల నడుమనే జరిగెను. అవి మన సార్వా దినములే. ఆ పరిశోధకులు సూచించిన సులభోపాయములలో రబ్బరు బూట్లును, చేతిదీపములును ఉన్నవి. కాట్లలో అధికభాగము పాదమునకును, పిక్కకును తగులును గదా!

ఇంత విలువగల వస్తువు మనచేతిలో ఏల త్వరగా చచ్చును? దాని శత్రువులు నలుగురు: నూనె, వేడి, మడత, లోపలి తడి. తోలు నేర్పిన ధర్మశాస్త్రమును రబ్బరునకు వర్తింపజేయుటయే మనవారి మొదటి పొరపాటు. తోలునకు నూనె ఔషధము, రబ్బరునకు విషము. కిరసనాయిలు, పెట్రోలు, యంత్రపు నూనె, గ్రీజు రబ్బరులోనికి ఇంకి, వల దారములను ఎడముచేసి, దానిని ఉబ్బించి మెత్తబరచును. కొబ్బరినూనెయు ఆ కోవలోనిదే. కొబ్బరితోటల సీమలో నూనె చేతికందునట్లుండుట చేత, మెరుపుకొరకు బూటుపై రాయువారు లేకపోలేదు. ఆత్రేయపురము పూతరేకులకు ప్రసిద్ధి. 2023లో వానికి భౌగోళిక గుర్తింపును లభించినది. పూతరేకునకు నేయి ప్రాణమైనట్లు రబ్బరునకును జిడ్డు ప్రాణమని తలపరాదు. పొరపాటున ఇంజను నూనె తగిలినచో వెంటనే సబ్బునీటితో కడిగివేయవలెను.

రెండవ శత్రువు వేడి. ఎండయు, గాలిలోని ఆమ్లజనియు కలిసి రబ్బరు దారములను తెంపును. లేదా అవసరమునకు మించిన ముడులను వేయును. మొదటిదానివలన బూటు జిగటయగును, రెండవదానివలన పెళుసెక్కును. వేడి 10 సెంటిగ్రేడు డిగ్రీలు పెరిగినచో ఇట్టి మార్పుల వేగము సుమారు రెట్టింపగునని రసాయనికుల స్థూలసూత్రము. తడిసిన బట్టవలె బూటును ఎండలో ఆరవేయుటయు, పొయ్యికడ నిలుపుటయు, రేకులకప్పు క్రింద వేసవియంతయు ఉంచుటయు దాని ఆయువును చేతులార తగ్గించుటయే. గాలి తగులు నీడయే దానికి తగిన చోటు.

మూడవది మడత. గాలిలో స్వల్పముగానుండు ఓజోను వాయువు, సాగియున్న రబ్బరును పట్టి చీల్చును. సాగని రబ్బరును అంతగా తాకదు. మడచి మూలపడవేసిన బూటునకు మడత వెంబడియే చీలికలు ఏల పుట్టునో ఇందువలన తెలియుచున్నది. విద్యుత్ మోటార్లు తిరుగునపుడు వెలువడు నిప్పురవ్వలు ఓజోనును పుట్టించును గనుక, పంపుసెట్టు గదిలో బూట్లు దాచుటయు తగదు. బూటును నిలువుగా పెట్టవలెను. లేదా గోడకు బిగించిన కొయ్యమేకులపై తలక్రిందులుగా తగిలించవలెను. పెద్దబరువు దానిపై పెట్టరాదు.

నాల్గవది లోపలి తడి. వెలుపలినీటిని లోనికి రానీయని బూటు లోపలి చెమటను వెలుపలికి పోనీయదు. అస్తరు గుడ్డ కుళ్ళి, అంటులు విడుచును. వ్రేళ్ళసందున ఒరపులు పుట్టును. దినాంతమున అట్టను తీసి విడిగా ఆరబెట్టి, బూటులో పాతపత్రికలనో, పొడి వరిగడ్డినో కూరి, అది తేమ పీల్చిన పిదప మార్చవలెను. రెండు జతల మేజోళ్ళు ఉంచుకొని మార్చి మార్చి తొడుగవలెను. బోదకాలు గలవారు ఈ బూట్లను వైద్యుని అడిగి మాత్రమే ధరించుట మేలు. వాచిన పాదమునకు ఒరపు మిక్కిలి ప్రమాదకరము.

కడుగుటకును ఒక క్రమము కలదు. బురద ఆరకముందే మంచినీటితో కడుగవలెను. ఆరిన మట్టిని కత్తితో గీకరాదు. జిడ్డుండినచో కుంకుడు రసము గాని, సామాన్యపు సబ్బు గాని చాలును. ఉప్పునీటి చెరువులో దిగినవారును, పురుగుమందు చల్లినవారును లోపల వెలుపల కడుగవలెను. మందు చల్లునపుడు ప్యాంటు అంచు బూటుపైకి వ్రేలాడవలెను. బూటులోనికి దోపినచో మందు కారి లోపల చేరును. రొయ్యల షెడ్లలో వాకిట క్లోరినునీటి తొట్టి ఉండును. అందు పాదము ముంచుట ఆహారశుద్ధికి అవసరమే. కాని పనిముగిసిన పిమ్మట మంచినీటితో కడుగనిచో ఆ క్లోరిను రబ్బరును క్రమముగా తినివేయును. నల్లబూటుపై అప్పుడప్పుడు తెల్లని పొడి కనబడును. అది బూజు కాదు. రబ్బరులో కలిపిన మైనము, గంధకము వంటివి పైకి తేలుట. తడిగుడ్డతో తుడిచిన చాలును.

విప్పునపుడు ఒక మడమతో రెండవ మడమను త్రొక్కి లాగుట వలన మడమభాగము చీలును. పలకకు చీలిక కోసి, ఒక ప్రక్క కొంచెము ఎత్తుగా అమర్చినచో, మడమను అందుంచి పాదమును సుఖముగా తీసికొనవచ్చును. ఏ వడ్రంగియైనను దీనిని చేయగలడు. తొడుగుటకు ముందు బూటును బోర్లించి దులుపుట మరువరాదు. పాముకాటు తప్పించుకొనుటకు కొన్న బూటులో తేలు ఉండవచ్చును.

చిల్లిపడినచో పారవేయనక్కరలేదు. మన ఊళ్ళలో సైకిలు మరమ్మతుకొట్టు కలదు. చిల్లిచుట్టును గరుకుకాగితముతో రుద్ది, తుడిచి, సొల్యూషను రెండుప్రక్కల పూసి, అది తడియారి జిగటగా నిలిచిన పిదప రబ్బరుముక్కను నొక్కి అతికింపవలెను. తడిపై అతికించిన అతుకు నిలువదు. అయితే ఈ పద్ధతి నిజమైన రబ్బరునకే చెల్లును. నేడు అంగడిలో గంబూటు పేర అమ్ముడగునవి పెక్కు పి.వి.సి. అను ప్లాస్టిక్కువి. వానికి సైకిలు సొల్యూషను పట్టదు. వానిని మెత్తగానుంచు ద్రవ్యము కాలక్రమమున వెలికి పోవుటచే అవి బిరుసెక్కి పగులును. వేడినీరు, ద్రావకములు ఆ కార్యమును త్వరపరచును. రెండింటికిని భారతీయ ప్రమాణములు వేరువేరుగా కలవు: రబ్బరుబూటునకు 5557, పి.వి.సి. బూటునకు 12254. కొనునపుడు ఆ గుర్తును చూచి, ఏది ఏదియో తెలిసికొనుట మంచిది. పాదమునకు సరిపడు కొలతయు ముఖ్యమే. వదులుబూటు చీలమండకడ మాటిమాటికి మడతపడి అచ్చటనే చీలును.

ఇంతవరకు చెప్పినది తొడుగువాని కర్తవ్యము. తొడిగించువాని కర్తవ్యమును కలదు. మానవ మలమును చేతులతో ఎత్తు పనిని నిషేధించిన 2013 నాటి చట్టము క్రింది నిబంధనలలో, మురుగుపనివారికి ఇవ్వవలసిన రక్షణ సామగ్రిలో గంబూట్లు చేరియున్నవి. చట్టము బూటును ఇప్పించును. ఆ బూటును కడుగుటకు కుళాయియు, ఆరవేయుటకు నీడయు ఇప్పింపవలసినది యజమాని, పంచాయతీ, పురపాలకసంఘము. తడిబూటును ఇంటికి మోసికొనిపోయి, ఇరుకు గుడిసెలో పొయ్యిప్రక్క ఆరబెట్టుకొనవలసిన కార్మికునకు, బూటును జాగ్రత్తగా చూచుకొమ్మని ఉపదేశించుట వ్యర్థము. అతని బూటు రెండుమాసములకే చీలినచో ‘వీరికి వస్తువు విలువ తెలియదు’ అనువారు, ఆ వస్తువునకు అతడెచ్చట చోటు చూపగలడో ముందు ఆలోచింపవలెను.

ఒకనాడు చెప్పు కుట్టినవాడే చెప్పు తొడుగరాని కాలముండెను. ఆ కాలము పోవలెనని పోరాడినవారు కలరు, చట్టములు వచ్చినవి. అయినను బురదలో దిగు పాదమునకు రక్ష లేని దినములు ఇంకను ముగియలేదు. పనివారు దిగు ప్రతి షెడ్డుకడ, ప్రతి పంచాయతీ కార్యాలయమువెనుక, నీడపట్టున ఒక కుళాయి, గోడకు ఒక వరుస కొయ్యమేకులు, మూలన ఒక కట్ట పొడిగడ్డి ఉంచుటకు పెద్ద ధనమక్కరలేదు. అవి ఉన్నచోట ఒక జత బూట్లు రెండుజతల కాలము నిలుచునని ఆశింపవచ్చును. అంతకాలమును ఒక మనిషి పాదములు పొడిగా ఇల్లు చేరును.